అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుంది?

మారతహళ్లిలో ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిను ముగించి ఫోను తెరిచేసరికి, నేను 80 రూపాయల చొప్పున 2,500 కొన్న ఒక చిన్న కంపెనీ షేరు 76 దగ్గర, ఒక రోజులో పడగలిగే అట్టడుగు పరిమితి అయిన లోయర్ సర్క్యూట్‌లో ఉంది. కొనుగోలు వైపు ఐదు వరుసల్లోనూ సున్నాలే. అమ్మకం వైపు 41,000 షేర్లు వరుసలో ఉన్నాయి. 74 దగ్గర స్టాప్‌లాస్ (ధర అక్కడికి పడితే దానంతటదే అమ్మకానికి వెళ్లే ఆర్డరు) ఉంది కనుక 15,000 రూపాయలకు మించి పోదని ధీమాగా ఉన్నాను. మర్నాడు షేరు నేరుగా 72.20 దగ్గర తెరుచుకుని అక్కడే బిగుసుకుపోయింది. నా ఆర్డరైతే పడింది గానీ, కొనే నాథుడు లేడు. వరుసగా ఐదు సర్క్యూట్లు అయ్యాక 62 దగ్గర బయటపడ్డాను, సుమారు 45,000 పోయింది.

పొలం ఉన్నవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఎకరం ముప్పై లక్షలని ఊరంతా చెబుతుంది గానీ, కూతురి పెళ్లికని అమ్మకానికి పెట్టిన నెలలో ఆ ధరకు బేరం రాదు.

ఇప్పుడు కొనే ముందే ఎన్ని షేర్లు కొనాలో రెండు లెక్కలు వేసి, తక్కువ వచ్చినదాన్నే తీసుకుంటున్నాను. మొదటిది వాల్యూమ్, అంటే రోజుకు చేతులు మారే షేర్ల సంఖ్య. ఆ షేరు ఇరవై రోజుల సగటు దాదాపు 9,000 కనిపించేది, కానీ అందులో ఒక్కరోజే లక్షకు పైగా చేతులు మారాయి. మామూలు రోజున 3,000 మించదు. నా అమ్మకంతోనే ధర పడకుండా అందులో పదోవంతు, అంటే రోజుకు 300 చొప్పున ఐదు రోజుల్లో అమ్ముకోగలిగేది 1,500 మాత్రమే. రెండోది సర్క్యూట్. పరిమితి షేరును బట్టి 2, 5, 10 లేదా 20 శాతం ఉంటుంది. ఐదు శాతం చొప్పున ఐదుసార్లు పడితే షేరుకు 18 రూపాయలు పోతాయి. పది లక్షల పెట్టుబడిలో ఒక శాతం, అంటే 10,000 పోయినా ఫరవాలేదనుకుంటే 550 షేర్లకు మించి కొనకూడదు. నేను కొన్నవి 2,500!

పెద్ద ఫండ్లకూ ఇదే బెంగ. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చొరవతో 2024 మార్చి నుంచి, చిన్న, మధ్యస్థ కంపెనీల షేర్లు కొనే స్మాల్‌క్యాప్, మిడ్‌క్యాప్ ఫండ్లు తమ పోర్ట్‌ఫోలియోలో సగం, పావు భాగం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో వెల్లడిస్తున్నాయి.

ప్రస్తుతం నా దగ్గర అలాంటి షేర్లు మూడున్నాయి. మార్కెట్ పడిననాడు మూడింటికీ కొనేవారు ఒకేసారి మాయమవుతారు కనుక, మూడింటికీ కలిపి ఆ ఒక్క శాతమే కేటాయించాను. మూడోదాన్ని ఇంకా కొంటూనే ఉన్నాను, నా కొనుగోలుతోనే ధర ఎగబాకకుండా రోజుకు 40 చొప్పున.