టీ టీ టీ టీ

ఇవాళ నాలుగు గంటలు పోయాయి, కళ్లెదురుగా తెర మీద ఉన్న ఒక్క లైను చదవనందుకు. ఎక్కడో ఒకచోట రాసిపెట్టకపోతే మళ్లీ ఇదే తప్పు చేస్తానని, అందరూ పడుకున్నాక మేడ మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న ఆరున్నరకే ఉక్క మొదలైంది. ఏప్రిల్ ఆఖరులో శ్రీకాకుళంలో ఎండ గురించి ఎవరూ మాట్లాడుకోరు, మెడ తుడుచుకుంటారంతే. అమ్మ చోడి అంబలి గ్లాసు, రెండు ఉల్లిపాయ ముక్కలు నా టేబులు మీద పెట్టి, అక్కడున్న బోర్డుకేసి చూసి "ఒలికిపోతే దీనికేటి అవ్వదు గదా" అంది. అవుతుందన్నాను. గ్లాసు తీసి కిటికీలో పెట్టి వెళ్లింది.

పని ఏమిటంటే, రొయ్యల చెరువు గట్టున కూర్చుని నీటిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి పంపే పెట్టె. క్లయింటు సొంత బోర్డు వచ్చేవారం వస్తుంది. అందాకా అదే రకం చిప్పున్న బీగల్‌బోన్ బ్లాక్ మీద నడిపిస్తున్నాను. అరచేతిలో పట్టేంత బోర్డు, 512 ఎంబీ మెమరీ, ఒక ఈథర్నెట్ పోర్టు. నెల్లాళ్లుగా నా బతుకు ఇది: కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము) బిల్డ్ చెయ్యడం, ఎస్‌డీ కార్డు పీకడం, ల్యాప్‌టాప్‌లో పెట్టి కాపీ కొట్టడం, తిరిగి బోర్డులో గుచ్చడం, కరెంటు ఇవ్వడం. రోజుకు పదిహేను, ఇరవై సార్లు. శనివారానికి కార్డు స్లాటు వదులైపోయింది, వేలితో నొక్కిపట్టుకుంటే తప్ప చదవదు. ఇంక లాభం లేదని, ఇవాళ నెట్‌వర్క్ బూట్ పెట్టుకుందామని కూర్చున్నాను. కెర్నల్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, బోర్డు లేచినప్పుడల్లా కేబుల్ మీదుగా తెచ్చుకుంటుంది. ఈ పని నెల కిందటే చేసుండాల్సింది. బద్ధకం.

అప్ప కొడుకు సెలవులకని విజయనగరం నుంచి వచ్చి వారమైంది. ఆరో తరగతి అయిపోయింది. ఫోన్ లాక్కుంటే నా వెనక చేరతాడు.

"ఏటి పిన్నీ అది, నల్ల తెర?"

సీరియల్ కన్సోల్, బోర్డు మాటలు ల్యాప్‌టాప్‌లో కనపడే చోటు. మూడు సన్నటి వైర్లు, సెకనుకు 115200 బిట్ల వేగం. "ఏదో ఒక కీ నొక్కితే ఆగుతాను" అని అంకెలు వెనక్కి లెక్కపెడుతుంది, ఆలోగా నొక్కాలి. ఆ నొక్కే పని వాడికిచ్చాను. దొరికింది యూ-బూట్ ప్రాంప్ట్. బోర్డుకి కరెంటు తగలగానే లేచి మెమరీని, పోర్టులను సిద్ధం చేసి, లినక్స్‌ని వెతికి తెచ్చి దానికి ఇల్లప్పగించి తప్పుకునే ప్రోగ్రామిది. వోల్ఫ్‌గాంగ్ డెంక్ అనే జర్మన్ ఇంజనీరు మొదలుపెట్టాడు, 2022లో పోయాడాయన. ముందు పీపీసీబూట్ అనేవారు, పవర్‌పీసీ చిప్‌లకే కాబట్టి. 2002లో మిగతా చిప్‌లకూ పాకి యూ-బూట్ అయింది. జర్మన్‌లో ఆ మాటకి జలాంతర్గామి అని కూడా అర్థం.

"వైజాగ్ బీచ్‌లో ఉన్నాదే, అదా?"

అదే. కురుసురా. దాన్ని ఒడ్డుకు తెచ్చి మ్యూజియం చేసింది కూడా 2002లోనే అని చెబితే వాడికి దానిమీద కంటే లోపల పడకలు ఎంత ఇరుకో దానిమీదే మాట.

ల్యాప్‌టాప్‌లో, అడిగిన ఫైల్ పంపే టీఎఫ్‌టీపీ సర్వర్ పెట్టాను, కెర్నల్‌నీ, బోర్డులో ఏమేం ఉన్నాయో దానికి చెప్పే డివైస్ ట్రీ ఫైల్‌నీ దాని ఫోల్డర్‌లో పడేశాను. ల్యాప్‌టాప్, బోర్డు రెండింటి కేబుళ్లూ ఇంటి రౌటర్‌కే గుచ్చాను. బోర్డులో డీహెచ్‌సీపీ అని కొట్టాను, అంటే రౌటర్‌ని చిరునామా అడిగి, ఆనక ఫైల్ తెచ్చుకోమని. చిరునామా వచ్చింది, 192.168.1.7. ఆ తరవాత 'లోడింగ్' అని పడి, పక్కన ఒక టీ. కాసేపాగి ఇంకో టీ. ఇంకోటి.

"టీ, టీ, టీ, టీ" అని వాడు పెద్దగా చదువుతున్నాడు. పది నిమిషాలకి అమ్మ టీ తెచ్చింది. "ఇంత ఎండలో టీ ఏటే" అని విసుక్కుంటూనే.

ఆ అక్షరం టైమౌట్‌కి గుర్తు. అడిగాను, ఎదర నుంచి ఉలుకూ పలుకూ లేదు, మళ్లీ అడుగుతున్నాను అని. ఇది వాడికి ఎలా చెప్పాలా అని చూస్తే, రాత్రిళ్లు వాళ్ల అమ్మమ్మ చెప్పే కథ గుర్తొచ్చింది. టీఎఫ్‌టీపీ అంటే అచ్చంగా ఊ కొట్టించుకుని చెప్పే కథే. సర్వర్ ఒక ముక్క పంపుతుంది, 512 బైట్లు. ఇవతలివాడు ఊ అంటే రెండో ముక్క. ఊ వినపడకపోతే అదే ముక్క మళ్లీ. ఒకేసారి రెండు ముక్కలు చెప్పడం లేదు, ముందుకు దూకడం లేదు. 512 కంటే చిన్న ముక్క వచ్చిందంటే కథ కంచికి. పాస్‌వర్డ్ లేదు, ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో అడిగే వీలు లేదు, పేరు తెలిసి అడగాల్సిందే. 1981లో రాసిన పద్ధతి, 1992లో సరిదిద్దారు, ఇప్పటికీ బోర్డులు దీంతోనే లేస్తున్నాయి. ఇంత మొద్దుగా ఉండటమే దాని గొప్ప. పూర్తిగా మెలకువ రాని బోర్డులో పట్టాలంటే కోడ్ చిన్నదిగా ఉండాలి మరి. నా కెర్నల్ 9 ఎంబీ. 512 చొప్పున అయితే పద్దెనిమిది వేల పైచిలుకు ఊలు. యూ-బూట్ కాస్త తెలివిగా ఒక్కో ముక్క 1468 బైట్లు ఇమ్మంటుంది, అందువల్ల ఆరున్నర వేల లోపే సరిపోతాయి.

"మరి టీ అంటే?"

"అమ్మమ్మ కథ మధ్యలో నిద్రపోతే నువ్వు మోచేత్తో పొడుస్తావు చూడు, అది."

అర్థమైంది వాడికి. నాకే, అమ్మమ్మ ఎందుకు నిద్రపోయిందో అంతుపట్టలేదు.

మొదట కేబుల్ని అనుమానించాను. పదకొండు గంటల ఎండలో స్కూటీ వేసుకుని పాలకొండ రోడ్డుకు వెళ్లి కొత్తది కొన్నాను, నూట ఎనభై. మార్చాను. టీ టీ టీ. తరవాత ఫైర్‌వాల్. టీఎఫ్‌టీపీకి ఒక గమ్మత్తుంది. తలుపు తట్టేది 69వ నంబరు పోర్టులో, సర్వర్ జవాబు మాత్రం వేరే పోర్టు నుంచి వస్తుంది. 69 ఒక్కటే తెరిచి ధీమాగా కూర్చునేవాళ్లు బోలెడుమంది, నేనూ ఒకప్పుడు అంతే. అందుకని ఏకంగా ఫైర్‌వాలే ఆపేశాను. టీ టీ టీ. ల్యాప్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌నే అడిగి చూశాను, ఫైల్ నిక్షేపంగా వచ్చింది. బోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కి 'ఉన్నావా' అని పింగ్ కొట్టాను, 'హోస్ట్ ఈజ్ అలైవ్' అంది. నూట ఎనభై రూపాయలు దండగ అని అప్పుడు తెలిసింది.

అప్పుడైనా ఆగి చదవాలా? చదవలేదు. భోంచేసి వచ్చి, టీసీపీడంప్ పెట్టి ల్యాప్‌టాప్‌కి వచ్చే ప్యాకెట్లు చూస్తూ కూర్చున్నాను. 69 కోసం ఒక్కటీ రాలేదు. బోర్డు అడుగుతోంది, కానీ నన్ను అడగడం లేదు. ఎవర్ని అడుగుతోంది? అప్పుడు తల పైకెత్తి కన్సోల్‌లో టీల పైన ఉన్న లైను చూశాను. పొద్దుట్నుంచి ప్రతిసారీ పడుతూనే ఉంది: టీఎఫ్‌టీపీ ఫ్రమ్ సర్వర్ 192.168.1.1.

అది రౌటర్ చిరునామా. నా ల్యాప్‌టాప్‌ది చివర 5.

జరిగిందిది. డీహెచ్‌సీపీ జవాబులో 'తరవాత ఫలానా సర్వర్‌ని అడుగు' అని చెప్పేందుకు ఒక గడి ఉంటుంది. చాలా ఇంటి రౌటర్లు ఆ గడిలో తమ చిరునామానే రాసిపంపుతాయి. యూ-బూట్ దాన్ని నమ్మి, నేను అంతకుముందు సర్వర్‌ఐపీలో (ఎవర్ని అడగాలో దాచే చోటు) రాసిన అంకెను చెరిపేసి, కెర్నల్ ఇవ్వమని రౌటర్‌ని దేవులాడుతోంది. దాని దగ్గర కెర్నల్ ఎక్కడిది? ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు, ఎవరికి చెప్పింది వాళ్లు చేశారు. నేను తప్ప.

మందు చిన్నదే. సెట్‌ఎన్వ్ ఆటోలోడ్ నో అంటే, డీహెచ్‌సీపీ చిరునామా తెచ్చి ఊరుకుంటుంది, ఫైల్ జోలికి పోదు. దాని తరవాత సర్వర్‌ఐపీ మనం రాసుకుని, టీఎఫ్‌టీపీబూట్ విడిగా కొట్టాలి. కొట్టాను. ముక్కలు అందుతున్నాయనే హ్యాష్ గుర్తులు వరసగా, ముగ్గు చుక్కల్లా పరుచుకుంటూ పోయాయి. వాడు కుర్చీ ఎక్కి గెంతాడు. మూడో వరస సగంలో ఉండగా కరెంటు పోయింది.

మా ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, రెండు లైట్లు, అంతే. రాసింది దాచే సేవ్‌ఎన్వ్ నేను కొట్టలేదు. సెట్‌ఎన్వ్‌తో రాసింది మెమరీలోనే ఉంటుంది, కరెంటుతోపాటే పోతుంది. పది లైన్లు టైపు చేసి ఒక్కటీ దాచుకోలేదు. వేరేవాళ్లకి ఈ మాట నేనే ఎన్నిసార్లు చెప్పానో.

కరెంటు వచ్చేలోపు తాటిముంజలు తిన్నాం. వేలు గుచ్చి నీళ్లు మొహమంతా చిమ్మించుకోవడంలో వాడు ఇంకా విజయనగరమే, చెయ్యి తిరగలేదు.

ఇదిలా ఉండగా ఇంకో గోల. బుధవారం ఆర్డరు పెట్టిన అయిదు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిపే పెట్టె) ఇవాళ రావాలి. మధ్యాహ్నం రెండింటికి ఫోన్‌లో 'డెలివరీ అయిపోయింది' అని మెసేజ్. మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. డెలివరీ కుర్రాడికి ఫోన్ చేస్తే ఎత్తడు. అమ్మ వీధిలో నలుగురినీ అడిగింది. సాయంత్రం పాల ప్యాకెట్‌కి వెళ్లిన అప్ప కొడుకు చంకలో అట్టపెట్టెతో వచ్చాడు. షావుకారు కొట్లో పంచదార బస్తా మీద ఉందట. నేను వెళ్లి అడిగితే ఆయన నొచ్చుకుంటూ చెప్పాడు:

"మీ ఇల్లెక్కడని అడిగినాడమ్మా, చెప్పినాను. చెప్పినాక, అయితే మీరే ఇచ్చీయండని ఇక్కడ పెట్టీసి పోయినాడు."

నాకు నవ్వాగలేదు. పాపం షావుకారు రౌటర్ కంటే నయం, ఆయన దగ్గర సరుకైనా ఉంది. ఆ నవ్వు ఎందుకో ఆయనకు చెప్పలేక ఒక బిస్కట్ ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశాను.

రాత్రి ఎనిమిదికి మళ్లీ కూర్చున్నాను. కెర్నల్ వచ్చింది, డివైస్ ట్రీ వచ్చింది, కెర్నల్‌ని లేపే బూట్‌జెడ్ కొట్టాను, మెమరీలో అవి ఉన్న రెండు చిరునామాల మధ్య గీతతో. ఆ గీత మర్చిపోతే పని కాదు. ఇనిట్‌ఆర్‌డీ (మొదట్లో వాడే తాత్కాలిక ఫైళ్ల కట్ట) లేదు అని చెప్పడం అది. లినక్స్ లేచింది, బోలెడు లైన్లు పారాయి, ఆగింది. లినక్స్‌కి కావాల్సిన ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్ ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫోల్డర్‌లో ఉంది, నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ మీద అందుకోవాలి. నిమిషానికి పైగా ఎదురుచూసి, ఎన్‌ఎఫ్‌ఎస్ కుదరలేదు, ఫ్లాపీ ప్రయత్నిస్తున్నాను అంది. అరచేయంత బోర్డుకి ఫ్లాపీ! క్లయింటు ఇచ్చింది పాత కెర్నల్ లెండి, 4.19. ఫ్లాపీ అంటే ఏంటని వాడడిగాడు, సేవ్ బటన్ మీద బొమ్మ అన్నాను. నమ్మలేదు.

ఇక్కడ మాత్రం ఎక్కువసేపు పట్టలేదు, ఈ దెబ్బ ఇదివరకు తిన్నదే. ఊరుకుంటే పాత కెర్నల్ ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్‌లో అడుగుతుంది, నా ల్యాప్‌టాప్ ఆ భాష మర్చిపోయి చాలాకాలమైంది. కెర్నల్‌కి అందించే చీటీ బూట్‌ఆర్గ్స్‌లో ఫోల్డర్ దారి పక్కన వీ3 (మూడో వెర్షన్), టీసీపీ అని చేర్చాను. ల్యాప్‌టాప్ వైపు, ఏ ఫోల్డర్ ఎవరికివ్వాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో నో రూట్ స్క్వాష్ ముందే రాసి ఉంది. అది లేకపోతే బోర్డు మీద రూట్, అంటే సర్వాధికారి, అయినవాడు ల్యాప్‌టాప్ కంటికి అనామకుడు. తొమ్మిదింబావుకి లాగిన్ ప్రాంప్ట్. కెర్నల్‌లో ఒక లైను మార్చి, బిల్డ్ చేసి, కాపీ కొట్టి, బోర్డు రీసెట్ నొక్కాను. కార్డు ముట్టుకోలేదు. ఎడమ చూపుడువేలు కొనమీద నెల్లాళ్ల కాయ ఉంది, దాన్ని కాసేపు నిమురుకున్నాను.

బోర్డు లేవగానే తనంతట నడిపే బూట్‌సీఎమ్‌డీలో అన్నీ వరసగా రాసి సేవ్‌ఎన్వ్ కొట్టి, నిద్రకు లేవబోతుంటే మళ్లీ కరెంటు పోయి వచ్చింది. ఈసారి భయం లేదనుకున్నాను. తీరా చూస్తే చిరునామా కోసం 'బూట్‌పీ బ్రాడ్‌కాస్ట్ 1, 2, 3' అని అరిచి అరిచి, బోర్డు ప్రాంప్ట్ దగ్గర కూలబడి ఉంది. అది చప్పున లేచేసింది, రౌటర్ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. చిరునామా చెప్పే నాథుడు లేడు.

స్విచ్ పెట్టె విప్పాను. క్లయింటు బోర్డు కూడా వస్తుందని తెప్పించాను గానీ, ఒక్క బోర్డే అయితే తిన్నగా కేబుల్ చాలు. ల్యాప్‌టాప్‌కి 192.168.10.1, బోర్డుకి చివర 2, రెండూ చేత్తో రాసేశాను. డీహెచ్‌సీపీ లేదు, రౌటర్ లేదు. కెర్నల్‌కి కూడా బూట్‌ఆర్గ్స్‌లో అదే చిరునామా విడిగా చెప్పాల్సి వచ్చింది, యూ-బూట్ తెలుసుకున్నది దానంతటది దానికి అందదు. ప్లగ్గు పీకాను, పెట్టాను. లాగిన్. మళ్లీ పీకాను, పెట్టాను. లాగిన్.

సేవ్‌ఎన్వ్ రెండుసార్లు కొట్టాను. రెండోది భయానికి.