పీడీ గారి రిజిస్టరులో ‘ము’ అక్షరం

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు ఫోను చేసినప్పుడు, ఇప్పటి మన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు సంగతి కూడా తెలిసింది. సీజన్ మొదలై నెల కాలేదు, పాయింట్లు రాక పిల్లలు ఇబ్బంది పడుతున్నారట. డిఫెన్సు బాగానే ఉందట, రీబౌండ్లు (షాటు తప్పి తిరిగొచ్చిన బంతులు) తీస్తున్నారట, బంతి మాత్రం రింగుకి తగిలి బయటికే వస్తోందట. 2001 జట్టు వాళ్ళెవరికైనా ఈ మాట వినగానే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి పొడుగు రిజిస్టరు గుర్తుకొస్తుంది. హాస్టల్ మెస్సు, యూనియన్ ఎలక్షన్లు, భీమిలి ట్రిప్పు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ రిజిస్టరు గురించే రాస్తాను. పేర్లు రాయను, నంబర్లు చాలు. అప్పట్లో జెర్సీలు 4 నుంచి 15 దాకానే. ఏ నంబరు ఎవరో మనకి తెలుసు.

ఫస్టియర్, ఫైనలియర్ పక్కన పెడుతున్నాను. సెకండియర్‌లో ఆ రెండు నెలలే నాకు కావాలి.

అంతకు ముందు ఏడాదే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనలు మార్చింది. 20 నిమిషాల సగాలు రెండు పోయి, 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు వచ్చాయి. షాటు కొట్టడానికి 30 సెకన్లుండేవి 24 అయ్యాయి. బంతిని సొంత సగం దాటించడానికి 10 సెకన్లుండేవి 8 అయ్యాయి. మనదేమో నింపాదిగా బంతి తిప్పి, తిప్పి, పోస్టులో, అంటే రింగు దగ్గర, పదకొండో నంబరు ఖాళీ అయ్యేదాకా ఆగే జట్టు. వేసవి సెలవుల తర్వాత ఆడిన మ్యాచ్‌లన్నీ తక్కువ స్కోర్లే. చూసినవాళ్ళందరూ ‘గురి పోయింది’ అన్నారు. పీడీ గారు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. “పన్నెండు మందికీ ఒకేసారి గురి పోదురా” అని రిజిస్టరు తెరిచారు.

అది కిరాణా కొట్టు పద్దులు రాసే ఎర్ర అట్ట పుస్తకం. ప్రతి పేజీలో కార్బన్ పెట్టి గీసిన సగం కోర్టు బొమ్మ. షాటు ఎక్కడి నుంచి కొట్టారో అక్కడ ఆటగాడి నంబరు వేసేవారు. బాస్కెట్ పడితే నంబరు చుట్టూ సున్నా. పడకపోతే పక్కన ఒక అక్షరం: రింగు ముందు అంచుకి తగిలితే ‘ము’, వెనక అంచుకైతే ‘వె’, ఎడమైతే ‘ఎ’, కుడైతే ‘కు’. దేనికీ తగలకపోతే అడ్డగీత. మొదటి రెండు క్వార్టర్లు నీలం సిరా, తర్వాతి రెండూ ఎరుపు. పేజీ అడుగున నిలువు గీతలుండేవి, షాటు దాకా రాకుండానే పోగొట్టుకున్న బంతులకి. బెంచి మీద కూర్చుని ఇదంతా రాసింది పదిహేనో నంబరు. వాడి చేతిరాత గురించి నేను చెప్పనక్కర్లేదు.

కాని ఆ పేజీలు చదివే ముందు ఆయన చేసిన పని వేరు. రింగులు కొలిచారు. రింగు పై అంచు నేల నుంచి 3.05 మీటర్లు ఉండాలి. ఆ వేసవిలో కోర్టు మీద కొత్తగా సిమెంటు పూత వేశారు, స్తంభాలు మాత్రం పాతవే. నేల ఎంత లేచిందో రింగు అంత దిగినట్టు. లైబ్రరీ వైపు రింగు బాగా తగ్గింది. మనం రోజూ దాని మీదే ప్రాక్టీసు చేసి, ఊరు దాటి సరైన ఎత్తున్న రింగు ముందు నిలబడితే బంతి ముందు అంచుకే కొట్టుకునేది. అవతలి రింగు ఎత్తు సరిగ్గానే ఉంది, ముందుకి వాలిపోయింది. కొత్త బ్లాకు కడుతున్న మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి రింగు మీద అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి పెట్టి చూపించారు. వాలిన రింగుకి మందు తేలికే: ప్లేటు కింది బోల్టులు వదులు చేసి, ప్లేటుకీ బోర్డుకీ మధ్య వాషర్లు దూర్చి మళ్ళీ బిగిస్తే ముందు అంచు పైకి లేస్తుంది. ఎత్తు తగ్గినదానికి మాత్రం వెల్డింగ్ షాపు వాణ్ణి పిలిచి యాంగిల్‌కి పైన కొత్త బెజ్జాలు వేయించాల్సి వచ్చింది. నెట్లు కూడా ఆ రోజే కట్టించారు. నెట్ లేని రింగు దూరం కంటికి సరిగ్గా అందదు, పడిన బంతి ఎలా పడిందో కూడా తెలియదు.

తర్వాత బంతులు. స్తంభం మీద మూడు గీతలు పెయింటు చేశారు: 1.20, 1.40, 1.80 మీటర్లు. బంతి అడుగు భాగం 1.80 దగ్గర ఉంచి వదిలితే, లేచినప్పుడు బంతి పై భాగం 1.20కీ 1.40కీ మధ్య రావాలి. అప్పటి నిబంధన అదే. మన రబ్బరు బంతుల్లో సగం 1.40 దాటి ఎగిరాయి. ఎండలో పడి ఉన్న బంతిలో గాలి వ్యాకోచించి గట్టిపడుతుంది. అలాంటిది రింగుకి కాస్త తగిలినా దూరంగా ఎగిరిపోతుంది, మెత్తగా తిరిగి లోపల పడదు. సిమెంటు కోర్టు బంతి మీది బొడిపెల్ని ఒక్క సీజన్లో అరగదీస్తుంది. ఆ పైన గోదావరి జిల్లా ఉక్కపోత, చేతికి చెమట. షూటింగ్‌కని రెండు బంతులు వేరే పెట్టి, వాటిని తడి నేల మీద డ్రిబుల్ చేయనిచ్చేవారు కాదు.

ఇప్పుడు ‘ము’ సంగతి. పక్కలకి పోయే షాట్లు చేతి తప్పు: మోచెయ్యి బయటికి పోవడమో, బంతి అరచేతిలో పడటమో. ‘వె’ అయితే చాలాసార్లు ఉత్సాహం ఎక్కువై బలం పెరగడం. ‘ము’ మాత్రం కాళ్ళది. మన పేజీల్లో నీలం ‘ము’లు కొన్నే. ఎర్ర ‘ము’లు పేజీ నిండా. అంటే మూడు, నాలుగు క్వార్టర్లలో కాళ్ళు అలిసిపోయి, మోకాళ్ళు వంగక, బంతి చదునుగా వెళ్తోంది.

చదునుగా వెళ్తే ఏమవుతుందో ఆయన ఒక గాజుతో చూపించారు. (ఆ గాజు ఎవరిదో ఆరో నంబరు చెప్పాలి.) గాజుని కంటికి ఎదురుగా నిలబెడితే కంత పూర్తిగా గుండ్రం. నెమ్మదిగా పడుకోబెడుతూ పోతే కంత సన్నబడుతుంది. పై నుంచి వస్తున్న బంతికి రింగు కూడా అంతే. రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతిది 24 పైచిలుకు. బంతి 45 డిగ్రీల వాలుతో దిగితే దానికి దాదాపు 32 సెంటీమీటర్ల కంత దొరుకుతుంది. 35 డిగ్రీలకి తగ్గితే 26 కూడా ఉండదు. 33 దగ్గరికొస్తే రింగుకి తగలకుండా పడటానికి చోటే లేదు. కాళ్ళలో బలం తగ్గిన ప్రతి షాటుకీ రింగు చిన్నదవుతోందన్నమాట. దీన్ని ‘గురి’ అని ఎలా అంటాం? నేను తర్వాత పటియాలా ఎన్.ఐ.ఎస్. (జాతీయ క్రీడా సంస్థ)లో కోచింగ్ డిప్లొమా చేసినప్పుడు ఇదే లెక్క బోర్డు మీద సైన్ పట్టికతో చెప్పారు. మన క్లాసులో అది నాకొక్కడికే ముందే తెలుసు.

మందు కూడా కాళ్ళకే వేశారు. వారానికి మూడు రోజులు స్కిప్పింగ్, సగం గుంజీళ్ళు, ఆపైన కోర్టుకి అడ్డంగా ఈ గీత నుంచి ఆ గీతకి నిమిషంలో 17 పరుగులు. వెడల్పు 15 మీటర్లు కాబట్టి మొత్తం 255 మీటర్లు, ప్రతి 15 మీటర్లకీ ఆగి తిరగాలి. ఆఖరి గీత తాకిన వెంటనే, ఊపిరి అందకముందే, రెండు ఫ్రీ త్రోలు (అవతలివాడి ఫౌలుకి దక్కే షాట్లు). రెండే. వరసగా యాభై కొట్టించడం ఆయనకి నచ్చేది కాదు. మ్యాచ్‌లో అలిసిన ఒంటితో రెండు వస్తాయి, అవే వేయాలి. బోర్డు నుంచి 4.60 మీటర్లు, అడ్డం వచ్చేవాడు లేడు, చేతిలో 5 సెకన్లు. ప్రతిసారీ అన్నే డ్రిబుల్స్, అదే ఊపిరి, ఆపైనే మోకాళ్ళు వంచడం.

జంప్ షాట్ ప్రాక్టీసు రింగుకి ఒకటిన్నర మీటరు దగ్గర, ఒంటిచేత్తో మొదలయ్యేది. పదిలో ఏడు పడితేనే ఒక అడుగు వెనక్కి. ఎన్ని కొట్టాం అన్నది లెక్కలోకి రాదు, ఎన్ని పడ్డాయన్నదే. ఐదు చోట్ల పదేసి పడేదాకా జంటగా: ఒకడు కొడతాడు, ఒకడు బంతి తీసి పాస్ ఇస్తాడు. ఆ పాస్ ఛాతీకి రావాలి. మోకాళ్ళ దగ్గరికి వచ్చిన పాస్‌తో మంచి షాటు కొట్టేవాడు అరుదు. ఛాతీకి తిన్నగా వచ్చే ఎనిమిదో నంబరు ‘ఇస్త్రీ పాస్’ పుట్టింది ఇక్కడే.

రిజిస్టరు చెప్పిన ఇంకో సంగతి, మన షాట్లలో ఎక్కువ భాగం మూడు పాయింట్ల గీతకి ఒక అడుగు లోపలి నుంచి. ఆటలో అంతకన్నా నష్టమైన చోటు లేదు. అక్కడి నుంచి పదికి నాలుగు పడితే 8 పాయింట్లు. ఒక్క అడుగు వెనక్కి జరిగి పదికి మూడే పడినా 9. గీత తొక్కితే రెండే ఇస్తారు. అప్పుడు గీత 6.25 మీటర్లు. 2010 అక్టోబరు నుంచి ఫిబా దాన్ని 6.75కి జరిపింది. మన కోర్టులో పాత గీత మీద పెయింటు పలచబడి ఇంకా కనిపిస్తుందని విన్నాను. ఇప్పటి పిల్లలు ఆ రెండు గీతల మధ్య నిలబడి కొడుతున్నారేమో చూడాలి. ఆ పాత గీతని పూర్తిగా చెరిపేయించడం మంచిది.

అవతలి జట్లకి మన బయటి షాట్లు పడటం లేదని తెలిసిపోయి, అందరూ 2-3 జోన్ వేశారు: మనిషిని కాకుండా చోటుని కాసే డిఫెన్సు, ముందు ఇద్దరు, వెనక ముగ్గురు. దాన్ని బద్దలు కొట్టడమే పీడీ గారికి అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. ఎదురుగా ఇద్దరు గార్డులుంటే మనవాళ్ళూ ఇద్దరే నిలబడి బంతి అటూ ఇటూ మార్చుకుంటున్నారు, జోన్‌కి అంతకన్నా సుఖం లేదు. ఆయన 1-3-1కి మార్చారు. నాలుగో నంబరు పైన ఒక్కడే. ఏడో నంబరు ఫ్రీ త్రో గీత మీద, జోన్ గుండె దగ్గర. పదో నంబరు, పన్నెండో నంబరు చెరో రెక్క మీద, ఇద్దరు గార్డుల పక్కనున్న ఖాళీల్లో. పదకొండో నంబరు రింగు వెనక గీత (బేస్‌లైన్) వెంట బంతి ఎటుంటే అటు. మనిషికీ మనిషికీ మధ్య నాలుగున్నర మీటర్లు. అంతకన్నా దగ్గరైతే ఒక డిఫెండరే ఇద్దరినీ కాస్తాడు. ఏడో నంబరుకి బంతి అందగానే ముందు రింగు వైపు తిరగాలి, డ్రిబుల్ చేయకూడదు. జోన్ మధ్యవాడు పైకొస్తే కింద పదకొండు ఖాళీ. రాకపోతే తనే షాటు. గార్డు వెనక్కి దిగితే రెక్క మీదివాడు ఖాళీ. పోస్టులోకి పాస్ పై నుంచి కాకుండా రెక్క మీది నుంచి వెళ్ళాలి, బౌన్స్ పాస్ అయితే దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర నేలకి తగలాలి. మూల నుంచి కొట్టిన షాటు తప్పితే బంతి చాలావరకు అవతలి వైపుకే పడుతుంది కాబట్టి, అటు రెక్క మీదివాడు షాటు గాల్లో ఉండగానే లోపలికి దూరాలి.

నిలువు గీతల, అంటే పోగొట్టుకున్న బంతుల, లెక్క కూడా కలపాలి. ఒక జట్టుకి మ్యాచ్‌లో ఎన్ని అవకాశాలొచ్చాయో తెలియాలంటే, కొట్టిన షాట్లకి పోగొట్టుకున్న బంతులు కలిపి, ఫ్రీ త్రోలని 0.44తో గుణించి కలిపి, మన షాటు తప్పినప్పుడు మనమే తీసిన రీబౌండ్లు అందులోంచి తీసేయాలి. ఉదాహరణకి 60 షాట్లు, 20 పోగొట్టిన బంతులు, 18 ఫ్రీ త్రోలు, 10 రీబౌండ్లు అయితే దాదాపు 78 అవకాశాలు. అందులో ఇరవై షాటు దాకా రాకుండానే పోయాయి. ఇప్పుడు కోచ్‌లందరూ వాడే ఈ 0.44 ఆయనకి అప్పట్లో తెలియదు. కాని ‘షాటు తప్పితే రీబౌండు ఆశ ఉంది, బంతి పోతే అదీ లేదు’ అని రోజూ అనేవారు. 24 సెకన్ల గడియారం మన కాలేజీలో లేదు. స్టాప్‌వాచీ పట్టుకుని పది, ఐదు అని గట్టిగా అరిచేవారు. ఆ అరుపులు ఆర్ట్స్ బ్లాకు దాకా వినపడేవి. ఇప్పుడు మన షాటు తప్పి మనమే తీసిన రీబౌండు మీద 24 కాదు, 14 సెకన్లే దొరుకుతాయి. బంతి తీసినవాడే మళ్ళీ కొట్టడమో, ఒక్క పాస్‌లో బయటికి పంపడమో ముందే అలవాటు చేయాలి.

విశాఖలో అంతర్ కళాశాలల పోటీలకి వెళ్ళేసరికి ఎర్ర సిరాలో సున్నాలు పెరిగాయి. కప్పు రాలేదు, సెమీఫైనల్లో ఓడాం. పదో నంబరు, పన్నెండో నంబరు యూనివర్సిటీ జట్టుకి ఎంపికై సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడి వచ్చారు. పద్నాలుగో నంబరు ఇప్పుడు డల్లాస్‌లో ఇంటి ముందు రింగు బిగించి, టేపుతో 3.05 కొలిచి మరీ నాకు ఫొటో పంపాడు. నేను జిల్లా పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరమ్మాయిలు రాష్ట్ర జట్టుకి ఆడారు. వాళ్ళ షాట్లు కూడా ము, వె, ఎ, కు గుర్తులతోనే రాయించాను. సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కాని, పిల్లలు తమ చేత్తో తమ తప్పు రాసుకున్నప్పుడు త్వరగా దిద్దుకుంటారు.

పీడీ గారు సమ్మేళనానికి వస్తానన్నారు. రిజిస్టరు ఐదో నంబరు బీరువాలో భద్రంగా ఉంది. ఆ రోజు ఉదయం ఇప్పటి జట్టు పిల్లల్ని ఒక గంట ముందు పంపమని కమిటీకి నా మనవి. వాళ్ళ గత మూడు మ్యాచ్‌ల వీడియోలున్నాయట. తప్పిన ప్రతి షాటూ ఏ అంచుకి తగిలిందో, ఏ క్వార్టర్లో తగిలిందో ముందే రాసుకుని రమ్మనండి. ‘ము’లు ఎక్కువైతే కాళ్ళ పని మొదలుపెడదాం. ‘ఎ’, ‘కు’లు ఎక్కువైతే ఒక్కొక్కరి మోచెయ్యి చూడాలి, దానికి గంట చాలదు, మధ్యాహ్నం భోజనాల తర్వాత కూడా ఉండమనండి.