మెంతికూర దొంగ

ఇవాళ సగం మడి ఖాళీ. ఇంకో నాలుగు రోజులాగి పప్పులో వేద్దామని నిన్ననే అనుకున్నాను.

రాత్రి చెత్త పడేద్దామని వెనక తలుపు తీస్తే మడి మధ్యలో కూర్చుని ఉంది పాడిమెలన్, కంగారూల జాతిలోనే ఓ చిన్న జంతువు, ముందు చేతుల్తో కాడ పట్టుకుని నింపాదిగా నములుతూ. నన్ను చూసి వెనక కాళ్ళు నేలకేసి దబ్బున కొట్టి పోయింది. ప్రమాదం వచ్చిందని తోటివాటికి చెప్పడమట అది. నా పెరట్లో, నా మెంతికూర దగ్గర, ప్రమాదం నేను!

ఈయనేమో "పోనీలేవే, చిన్న ప్రాణి" అంటూ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో "కంగారూ పిల్ల" అని పెట్టేశారు. "పిల్ల ఒక్కతే ఉంది, తల్లేదిరా?" అని అత్తయ్యగారు రెండుసార్లు అడిగారు. పిల్ల కాదు, దాని సైజే అంత. ఆడవి నాలుగు కిలోలు, మగవి ఏడు, బాగా పెరిగితే పన్నెండు. ఆ మాట గ్రూపులో చెబితే ఒక్కరూ పట్టించుకోలేదు, పైగా మరిదిగారు ఎలుకలా ఉందన్నాడు. పగలంతా పొదల కింద తొక్కి తొక్కి చేసుకున్న సొరంగం దారుల్లో ఉంటాయి, చీకటి పడ్డాక గడ్డికి వస్తాయి, అదీ అడవి అంచు దాటి ఓ వంద మీటర్ల లోపే. మా కంచె వెనకే అడవాయె. ఆస్ట్రేలియాలోనే పక్కనున్న విక్టోరియా రాష్ట్రంలో కూడా ఉండేవట ఒకప్పుడు, నక్కలొచ్చి, అడవులు కొట్టేసి, అక్కడ ఒక్కటీ మిగల్లేదు. మా టాస్మానియాలో నక్కల్లేవు, మెంతికూర ఉంది.

రేపే మడి మీద కప్పడానికి వల కొంటానని రాద్దామనే కూర్చున్నాను.

హోబార్ట్‌లో మా మొదటి చలికాలం, రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే రోడ్డు మీద ఇలాంటిదే ఒకటి పడి ఉంది, గుద్దినవాడు ఆగలేదు. ఈయన ఆపారు, పొట్ట సంచీలో పిల్లుందేమో చూడాలి అని. చలిలో ఏంటిదని కారులోంచే తిట్టాను. ఫోన్ లైటు వేసి చూస్తే లోపల వెంట్రుకలు కూడా రాని గులాబీరంగు పిల్ల, చచ్చిపోయిన తల్లి రొమ్ము వదలకుండా. కడుపులో ఉండేది నెలే, ఆ తర్వాత ఆరు నెలల పైనే సంచీలోనే పెరగాలి. లాగొద్దు, తల్లితో సహా తెమ్మంది ఫోన్లో రెస్క్యూ ఆవిడ. నా నిశ్చితార్థం చున్నీలో చుట్టి తీసుకెళ్ళాం. చున్నీ తిరిగి రాలేదు, నేను అడగనూ లేదు.

వలలో కాళ్ళు చిక్కుకుంటాయేమో. కుండీల్లో వేసి డెక్ మీద పెట్టుకుంటే సరి, మిగిలిన సగం మాత్రం పొద్దున్నే నేనే కోసేస్తాను.

అత్తయ్యగారు మళ్ళీ పెట్టారు, "తల్లి కనబడిందా?" అని. ఇంకా జవాబివ్వలేదు.