బేచిరాగ్ ఊళ్ళ వేట: ఎండాకాలం అప్‌డేట్

ముందే చెప్పేస్తున్నా, పాడుబడ్డ చోట్లు వెతికి చూడడం నా హాబీయే గానీ గోడ దూకి మూతపడ్డ ఫ్యాక్టరీల్లోకి వెళ్ళే రకం కాదు నేను. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో ఆగిపోయింది, లోపల ఆ పాత యంత్రాలు చూడాలని ఎవరికి మాత్రం ఉండదు, కానీ యజమాని ఉన్న కట్టడంలోకి అడక్కుండా దూరితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 329 కింద ఏడాది దాకా జైలు, రైల్వే స్థలమైతే రైల్వే చట్టం 147 కింద ఆరు నెలల దాకా. నాలుగు ఫొటోల కోసం ఆ టెన్షన్ అక్కర్లేదు. అందుకే కొంతకాలంగా నా పనంతా జనం వదిలేసిన ఊళ్ళ మీదే. రెవెన్యూ వాళ్ళు బేచిరాగ్ గ్రామం అని రాసుకుంటారు చూశారా, అవి. ఊరికి పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, పట్టాదారులు పక్క ఊళ్ళలో ఉంటారు, ఇక్కడ మాత్రం ఒక్క పొయ్యీ వెలగదు.

తెలంగాణలో ఇలాంటివి చాలానే ఉన్నాయి, వెతకడానికి జేబులో రూపాయి తీయక్కర్లేదు. 2011 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు పీడీఎఫ్‌గా దొరుకుతాయి, అందులో గ్రామాల పట్టిక తెరిచి జనాభా లేని పేర్లు ఏరుకోవాలి. ఏరినవన్నీ పనికొస్తాయనుకోకండి. కొన్ని వట్టి అడవి, కొన్ని ఎప్పుడో ప్రాజెక్టు నీళ్ళ కింద పోయినవి. మిగిలిన పేర్లను సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్‌లో, అంటే వివరమైన పటంలో, చూసుకోవాలి. 1:50,000 స్కేలువి రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగా దిగుతాయి. రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు, కాబట్టి బావి, గుడి, బండి బాట అన్నీ తెలుస్తాయి.

తర్వాత గూగుల్ ఎర్త్. ఫోన్‌లో కన్నా కంప్యూటర్‌లో ప్రో వెర్షన్ పెట్టుకోవడం నయం, పాత సంవత్సరాల చిత్రాలకు వెనక్కి జరుపుకోవచ్చు. వానాకాలం చిత్రాలు శుద్ధ దండగ, అంతా పచ్చగా ఉండి ఏదీ తేలదు. ఏప్రిల్, మే చిత్రాల్లో చేలన్నీ ఖాళీగా ఉంటాయి, వాటి మధ్య చింతలూ వేపలూ రావీ గుంపుగా కనిపిస్తే అనుమానించాలి, ఎందుకంటే చేను మధ్యలో ఏ రైతూ పనిగట్టుకుని అన్ని చింతచెట్లు పెంచడు. అన్నిటికన్నా గట్టి గుర్తు బాటలు. నాలుగు దిక్కుల నుంచీ బండి బాటలు వచ్చి ఏమీ లేని చోట కలిస్తే, అక్కడ ఒకప్పుడు ఏదో ఉన్నట్టే. ఊరి నక్షాలో అదే చోట గ్రామకంఠం, అంటే ఇళ్ళుండే స్థలం, అని ఉంటే ఇక బ్యాగు సర్దుకోవచ్చు.

ఈ పద్ధతిలోనే దొరికిన ఒక ఊరికి ఈమధ్య వెళ్ళాను. పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది. మట్టిగోడలు కప్పు పోయాక కొన్ని వానలకే కరిగి దిబ్బయిపోతాయి, ఆ పాటిమట్టిని కూడా పొలాలకు ఎరువుగా తోలుకుపోయారు, కాబట్టి ఇళ్ళు కనిపిస్తాయని ఆశతో వెళ్తే నిరాశే. మిగిలేది రాయి. సగం భూమిలో దిగిపోయిన రోలు, రెండు ముక్కలైన ఇసుర్రాయి, అరిగి మధ్యలో పల్లం పడ్డ గడపరాయి, దాని పక్కనే తలుపు కీలు తిరిగిన చిన్న గుంట, అందులో చీమలు. బొడ్రాయి కొంచెం వంగింది కానీ ఉంది. హనుమంతుడి మీద మాత్రం సిందూరం కొత్తగా మెరుస్తోంది, వలస పోయినవాళ్ళ పిల్లలు ఇప్పటికీ వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్తారట. ఊరెందుకు పోయిందంటే గత్తర (కలరా) వచ్చిందని ఒకరు, బావి ఎండిందని ఇంకొకరు.

గొర్లు కాసుకుంటున్న తాత మాత్రం నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, “ఏం బిడ్డా, లంకెబిందెల కోసమొచ్చినవా?” నవ్వుతూనే అడిగాడు గానీ కళ్ళు నా బ్యాగు మీదే ఉన్నాయి. పాత ఊరు చూద్దామని వచ్చానంటే, “సూసి ఏం జేస్తవ్?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మన దగ్గర ఈ హాబీకి అసలు అడ్డంకి దయ్యాలు కాదు, గుప్తనిధుల గోల. పాడుబడ్డ గుడి దగ్గర కొత్త మనిషి కనిపిస్తే ఊళ్ళో మొదట వచ్చే అనుమానం అదే, వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు, నందుల కింద నిజంగానే తవ్వేస్తున్నారు. అందుకని పొద్దున్నే వెళ్ళి ఎండ ముదరకముందే బయటపడతాను. అమావాస్య రోజు వెళ్ళను. పక్క ఊరి హోటల్లో చాయ్ తాగి, ఫలానా పని మీద వచ్చానని నలుగురి చెవినా వేసి, కుదిరితే సర్పంచ్‌కు ఫోన్ చేసి వెళ్తాను. బ్యాగులో నీళ్ళు, టార్చ్, మాస్క్, కట్టు గుడ్డ, అంతే. కొలవడానికి ఇనుప కడ్డీ లాంటిది పట్టుకెళ్ళారో మీ కథ మీరే చెప్పుకోవాలి. లొకేషన్ పిన్ ఎక్కడా పెట్టకపోవడం కూడా ఇందుకే.

గడీల, అంటే పాత దొరల బంగళాల, సంగతి వేరే. గోడలు డంగుసున్నం కాబట్టి ఠీవిగా నిలబడే ఉంటాయి, మోసం చేసేది పైకప్పు. దూలాన్ని లోపల చెద తినేసినా పైకి బాగానే కనిపిస్తుంది. మిద్దె మీదికి అసలు ఎక్కను, గదుల్లోకి పోయినా గోడ వెంటే నడుస్తాను. గబ్బిలాల కంపు కొడితే మాస్క్ తప్పనిసరి, పెద్ద తేనెపట్టు కనిపిస్తే సప్పుడు చేయకుండా వెనక్కి. గడ్డి కప్పేసిన బావి పాము కన్నా ప్రమాదం, ఆవరణలో అడుగు ముందు కర్ర వేయాలి.

హైదరాబాద్‌లోనే ఉండి ఎటూ పోలేనివాళ్ళకు లియోనార్డ్ మన్ అనే ఆయన పేరు మీదున్న పాత నగర పటాలు ఉన్నాయి. 1908 మూసీ వరద తర్వాత 1912 నుంచి 1915 దాకా వీధి వీధీ కొలిచి గీసినవి. పాతబస్తీ దేవిడీల్లో (నవాబుల పెద్ద భవనాల్లో) ఏది ఎక్కడ ఉండేదో చూసుకుని ఇప్పటి శాటిలైట్ చిత్రం పక్కన పెట్టుకుంటే, షాపుల వెనక ఇరుక్కుపోయిన కమాన్లు ఒక్కొక్కటే బయటపడతాయి. ఇది రోడ్డు మీద నిలబడి చేసుకునే పని, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తర్వాతి ప్లాన్ శ్రీశైలం వెనక జలాలు, 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళు. నీళ్ళు బాగా తగ్గితే సంగమేశ్వరం గుడితో పాటు కొన్ని చోట్ల పునాదులూ తేలతాయి. రిజర్వాయర్ మట్టం రోజూ పేపర్లో వస్తుంది, అది చూసే బయల్దేరాలి. ఒండ్రు పైకి ఎండినట్టే ఉండి మోకాలి దాకా దిగబడుతుందట, అందుకే దారి తెలిసిన చేపలు పట్టే అతన్ని ఒకర్ని మాట్లాడి పెట్టుకున్నాను.