మంగళవార్త పండుగ రోజు ఒక కొవ్వొత్తి

మార్చి 25, మంగళవార్త పండుగ. గబ్రియేలు దూత మరియమ్మ గారికి శుభవార్త చెప్పిన రోజు. లెక్కేస్తే సరిగ్గా తొమ్మిది నెలలకు క్రిస్మస్. 1995లో పోపు రెండవ జాన్ పాల్ గారు మానవ జీవం మీద విశ్వలేఖ, అంటే క్యాథలిక్ సంఘమంతటికీ రాసే లేఖ, వెలువరించిందీ ఈ తేదీనే. అందుకే బెంగళూరులో మా విచారణలో, అంటే మా చర్చిలో, ఆ సాయంత్రం పుట్టబోయే బిడ్డల కోసం పూజ పెట్టారు.

పూజ అయ్యాక ఫాదర్ గారు, "కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు వచ్చి కొవ్వొత్తి వెలిగించండి" అన్నారు. లేచాను. రెండేళ్ల కిందట, నాలుగో నెలలో పోయింది నాకు. అత్తయ్య కూడా లేచారు. నాకు తోడుగా అనుకున్నా. ఆవిడ ఇంకో కొవ్వొత్తి అందుకున్నారు.

"మీ ఆయన కంటే ముందు ఒకడు" అన్నారు, అంతే.

మావయ్యకు తప్ప ఎవరికీ తెలియదట, ఇన్నేళ్లూ! మా గుంటూరు వైపు ఈ మాట ఎవరూ ఎత్తరు. "మళ్లీ పుడతార్లే" అని నోరు మూయిస్తారు. ఆ ఓదార్పు నన్నెంత కోసిందో.

గుడి బయట, కట్టడం పనులకొచ్చిన తల్లుల కోసం సంచులు సర్దుతున్నారు: సబ్బు, పొత్తిగుడ్డలు, ఉన్ని టోపీ. ఏ మతమని అడగరు. అత్తయ్య ఒక టోపీని చాలాసేపు చేతిలో పట్టుకుని, మడిచి సంచిలో పెట్టారు. మెట్రోలో ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.