గుండ్లను మింగిన కోట

ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ నుంచి సెయింట్ ఆగస్టీన్‌కి కారులో గంట కూడా పట్టదు. మా ఆవిడ ధ్యాసంతా బీచ్ మీద, నాది కోట మీద. ఎండ ముదిరేలోపు కోట, ఆ తర్వాత బీచ్ అని రాజీకొచ్చాం.

గోల్కొండ చూసిన కళ్లకి ఇక్కడి కోట, కస్టీయో దె సాన్ మార్కోస్, మొదట ఆనలేదు. ఏదో పొట్టి కోట! గోడ దగ్గరికెళ్లాక తెలిసింది అసలు సంగతి. రాయంతా గవ్వలే. చిన్న చిన్న ఆల్చిప్పలు ఒకదానికొకటి అతుక్కుపోయి, నడుమ సన్నటి సందులు. దీన్ని కొకీనా అంటారు. ఎదురుగా ఉన్న అనస్టేసియా దీవిలో తవ్వి తెచ్చి, 1672 నుంచి 1695 దాకా కట్టారు అప్పట్లో ఫ్లోరిడాని ఏలిన స్పెయిన్ వాళ్లు. అంతకుముందున్నవన్నీ కలప కోటలే. 1586లో ఇంగ్లండు నావికుడు డ్రేక్ ఊరిని తగలబెట్టాడు. 1668లో ఓడదొంగలు దోచుకున్నారు. 1670లో ఇంగ్లిష్ వాళ్లు ఉత్తరాన చార్లెస్టన్‌లో పాగా వేశాక ఇక రాతికోట తప్పలేదు.

1702లో ఇంగ్లిష్ వలస కరొలైనా గవర్నర్ జేమ్స్ మూర్ దండెత్తాడు. దాదాపు 1,500 మంది కోటలో తలదాచుకున్నారు, పశువుల్ని కందకంలోకి తోలారు. ఆ నడి వాకిట్లో నిలబడి చూశాను. ఇంతమంది ఇక్కడ వారాల తరబడి ఎలా వండుకున్నారో, ఎలా పడుకున్నారో! ఫిరంగి గుండ్లు మాత్రం తడిమట్టిలో దిగినట్టు గోడలో కూరుకుపోయేవట. బీటలు వారలేదు. చివరికి క్యూబాలోని హవానా నుంచి స్పెయిన్ ఓడలొచ్చేసరికి మూర్ ఊరికి నిప్పుపెట్టి, తన ఓడల్ని కూడా తగలబెట్టుకుని నేలదారిన పోయాడు.

నాకు మాత్రం కోట కన్నా, ఊరికి ఉత్తరాన ఉన్న ఫోర్ట్ మోసే ఎక్కువ నచ్చింది. చెక్కవంతెన మీద నిలబడితే కనిపించేది చిత్తడి నేలే. కోట చూసినవాళ్లలో చాలామంది ఇటు రారు, వాళ్ల ఖర్మ! ఇంగ్లిష్ వలసల్లోని పెద్ద తోటల నుంచి పారిపోయి వచ్చిన బానిసలకు, క్యాథలిక్ మతం పుచ్చుకుంటే స్వేచ్ఛ ఇస్తామంది స్పెయిన్. దయతో కాదు, శత్రువు పనివాళ్లను లాగేయడానికి. అలా వచ్చినవాళ్లకు 1738లో ఇక్కడ ఊరు కట్టించింది. వాళ్ల కెప్టెన్ ఫ్రాన్సిస్కో మెనెండెజ్. 1740లో ఇంగ్లిష్ వలస జార్జియా నుంచి దాని అధిపతి ఓగల్‌తోర్ప్ సెయింట్ ఆగస్టీన్‌ని ముట్టడించడానికి వచ్చి మోసేని పట్టుకుంటే, జూన్ 26 తెల్లవారుజామున స్పెయిన్ సైనికులతో కలిసి వీళ్లే తిరగబడి గెలిచారు. ఓగల్‌తోర్ప్ ముట్టడి ఎత్తేశాడు.

1763లో, ఇంగ్లిష్ వాళ్లు పట్టుకున్న హవానాని వెనక్కి తీసుకోవడానికి స్పెయిన్ ఫ్లోరిడాని వాళ్ల చేతిలో పెట్టింది. ఇక్కడుంటే మళ్లీ సంకెళ్లేనని మోసే జనం స్పెయిన్ వాళ్లతోపాటు క్యూబా ఓడలెక్కేశారు.