ట్యాంకు మీద ముద్ద

పన్నెండు కావొస్తోంది. చిన్నాడు తోలే యమహా మోటోక్రాస్ బండి వైజెడ్ 125 పెట్రోలు ట్యాంకు పగిలి కారుతోంది, ఇప్పుడు పెరట్లో మూత తీసి పడుంది. లీకు ఆపాలని దాని మీద మెకానిక్ పూసిన ఎం-సీల్ (ఎపాక్సీ ముద్ద) గుర్తొస్తుంటే నిద్ర పట్టట్లేదు.

గోటితో ఎత్తగానే ఆ ముద్ద పెచ్చుగా ఊడొచ్చింది. కింద ప్లాస్టిక్ మీద మరక కూడా లేదు. ఊడక ఏం చేస్తుంది? ఈ ట్యాంకు పాలిథీన్. ఎపాక్సీ గానీ ఫెవిక్విక్ గానీ సిలికాన్ గానీ దాన్ని గట్టిగా పట్టుకోవు. తప్పు ఎం-సీల్‌ది కాదు, ఇనప పైపుకైతే భేషుగ్గా నిలుస్తుంది. పైగా పాలిథీన్ పెట్రోలుని కాస్త పీల్చుకుని ఆవిరిని సన్నగా బయటికి వదులుతూ ఉంటుంది. ట్యాంకు మీద స్టిక్కర్లు బుడగలెత్తేది అందుకే. లోపల్నించి ఆవిరి తోస్తుంటే పైపూత ఎన్నాళ్లుంటుంది?

అసలు కోపం అది కూడా కాదు. లీకు ఎక్కడో చూడకుండా పూశాడు. పెట్రోలు ఒకచోట కారి, అడుగు వెంట పాకి, ఇంకోచోట బొట్టు పడుతుంది. ట్యాంకుని పొడిగుడ్డతో తుడిచి, అడుగంతా సుద్దపొడి చల్లి కాసేపు ఆగితే తడిచార ఎక్కడ మొదలైందో కనబడుతుంది. చాలాసార్లు ట్యాంకుకి ఏమీ కాదు, పెట్రోల్ కాక్ దగ్గరి ఓ-రింగ్ గట్టిపడి ఉంటుంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కాబట్టి, పాత రబ్బరు రింగ్ తీసేసి, పెట్రోలుకీ ఇథనాల్‌కీ తట్టుకునే వైటాన్ రబ్బరు రింగ్ వేయడమే మంచిది. కాక్ బోల్టులు బిగించేది ప్లాస్టిక్‌లో దిగేసిన ఇన్సర్ట్‌లోకి, అంటే లోపల మరలున్న చిన్న ఇత్తడి గొట్టంలోకి. బలం చూపిస్తే ఇన్సర్టే గిర్రున తిరిగిపోతుంది. ఆ ఇన్సర్ట్ అడుగు మూసి ఉంటుంది. అసలు బోల్టు పోయిందని కాస్త పొడుగు బోల్టు వేస్తే, అది అడుగుని పొడిచి చీలుస్తుంది. అప్పుడు పెట్రోలు బోల్టు మరల వెంటే బయటికొస్తుంది. పైన ఎంత ముద్ద పెట్టినా ఆగదు.

చిన్నప్పుడు మా వీధిలోకి ప్లాస్టిక్ బకెట్లకీ బిందెలకీ మాట్లు వేసే ముసలాయన వచ్చేవాడు. బొగ్గుల కుంపటి, చదును చేసిన రెండు ఇనప ఊచలు, పగిలిన బకెట్ ముక్కల గోతం, అంతే సరంజామా. బకెట్ చేతికివ్వగానే కాలిన ఊచ అంచుకి తాకించి పొగ వాసన చూసేవాడు. కొవ్వొత్తి ఆర్పిన వాసనొస్తే సరే, ముక్కు మండించే పొగొస్తే "ఇది పట్టదమ్మా" అని తిరిగిచ్చేసేవాడు. గోతంలోంచి అదే జాతి ముక్క ఏరి, పగులు చుట్టూ పైపొర గీకి, ఊచతో బకెట్‌నీ ముక్కనీ రెండింటినీ ఒకేసారి కరిగించి కలిపేవాడు. మా అమ్మ తొందరపడి నీళ్లు పోయబోతే ఒప్పుకునేవాడు కాదు, దానంతట అదే చల్లారాలి. జిగురు అన్న మాటే ఆయన నోట రాలేదు. పాలిథీన్‌ని పాలిథీన్‌తోనే అతకాలి. ట్యాంకు పనికీ కావాల్సిందల్లా ఇదే.

బకెట్‌కి లేని ప్రమాదం ఒకటి ట్యాంకుకి ఉంది. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. అందుకని నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకుకే భయపడాలి. సబ్బు కలిపిన వేడినీళ్లతో పదేపదే కడిగి, రెండ్రోజులు బయట గాలికి పెట్టాలి. దీపం, పొయ్యి ఉన్న ఇంట్లోకి తేకూడదు. అతికేటప్పుడు పగులు పైకి వచ్చేలా పెట్టి, దానికి వేలెడు కిందిదాకా నీళ్లు నింపాలి.

పగులు రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల బెజ్జాలు వేస్తే చీలిక ఇంకా పాకదు. తర్వాత బ్లేడుతో వి ఆకారంలో గాడి తీయాలి, గోడ మందంలో సగం లోతు చాలు. పెట్రోలు పీల్చిన పొర పోయి కొత్త ప్లాస్టిక్ మెరిసేదాకా చుట్టూ గీకాలి. అడుగున త్రికోణంలో 2 అంకె ఉన్న డబ్బా (అదీ పాలిథీనే) నుంచి సన్నటి పీలికలు కోసుకుంటే అతికే పుల్లలు దొరికినట్టే. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌కి చదును మొన ఉండాలి. పాలిథీన్ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. గోధుమరంగు తిరిగిందంటే మాడింది, ఆ అతుకు నిలవదు. చల్లారాక నీళ్లు తీసేసి, మూత మీది గాలిగొట్టం మూసి, నోటితో మెల్లగా గాలి ఊది సబ్బునీళ్లు రాయండి. కంప్రెసర్ పెట్టారో, ట్యాంకు ఉబ్బి అతుకు విచ్చుకుంటుంది.

అన్ని ట్యాంకులూ కరగవు. ఐఎంఎస్ అనే కంపెనీ వాళ్ల పెద్ద ట్యాంకుల్లాంటివి క్రాస్‌లింక్డ్ పాలిథీన్, అంటే గొలుసులు ఒకదానికొకటి ముడిపడి మళ్లీ కరగని రకం. వేడి ఐరన్ కనబడని మూల తాకించి చూడాలి. కరిగి తీగ సాగితే అతుకుతుంది. మెత్తబడి రబ్బరులా వెనక్కి లాగితే ఆశ వదులుకోవడమే.

మాటు వేస్తే పోతుంది, ట్యాంకు మార్చక్కర్లేదు అని రాద్దామనే కూర్చున్నాను. ఇక్కడిదాకా వచ్చి ఫోను లైటుతో మళ్లీ పగులు చూసొచ్చాను. ట్యాంకు పక్కన బిగించే ప్లాస్టిక్ రెక్క ఉంటుందే, ఆ షరౌడ్ బోల్టు ఇన్సర్ట్ చుట్టూ ఉంది. బండి పడ్డప్పుడల్లా షరౌడ్ మెలి తిరిగి ఆ ఇన్సర్ట్‌నే లాగుతుంది. చదును గోడ మీదైతే అతుకుని నమ్ముతాను, ఇక్కడ నమ్మను. అది విడితే పెట్రోలు కారేది ఇంజన్ మీదికి, దాని వెనక కూర్చునేది చిన్నాడు. కాబట్టి ట్యాంకు మారుద్దాం. దీన్ని మాటు నేర్చుకోవడానికి వాడికే ఇచ్చేస్తాను.

కొత్తది బిగించే ముందు ఇన్సర్ట్‌లోకి అగ్గిపుల్ల దించి లోతు కొలవాలి. బోల్టులో ఇన్సర్ట్‌లోకి దిగే భాగం అంతకంటే 2 మిల్లీమీటర్లు పొట్టిగా ఉండాలి. ఆ మెకానిక్ దగ్గరికి మాత్రం పంపను.